బ్రేకులో గాలి

అంబరీష్ కాళ్లకు కుదురు లేదని ఆ వీధిలో అందరికీ తెలుసు. టీ గ్లాసు చేతికిస్తే గుమ్మం దగ్గర మొదటి గుక్క తాగి, కొళాయి దాకా నడిచి ఆఖరి గుక్క తాగి, గ్లాసు అక్కడే మరిచిపోయి వస్తాడు. ఉద్యోగాలూ అంతే. సెల్‌ఫోన్ల దుకాణం, కొరియరు సంచి, బెంగళూరులో ఒక మాల్ గేటు దగ్గర యూనిఫారం, ఆ తరువాత వైట్‌ఫీల్డ్ అవతల గోడౌన్‌లో అట్టపెట్టెలకు టేపు అంటించే పని. ఏదీ నిండా ఏడాది నిలవలేదు.

కేజీఎఫ్‌లో బంగారు గనులు మూతపడ్డాక పని కావాలంటే బెంగళూరు రైలెక్కాల్సిందే. తెల్లవారకముందే మారికుప్పం స్టేషన్లో బయలుదేరే ఆ రైలు ఊరి మగవాళ్లను, సగం మంది ఆడవాళ్లను పట్టుకుపోయి, చీకటి పడ్డాక పిప్పి చేసి తెచ్చి దించుతుంది. సీటు దొరికినా అంబరీష్ కూర్చోడు. తలుపు కడ్డీ పట్టుకుని వేలాడుతూ, ఈ రైలెక్కే పని లేని రోజు ఎప్పుడొస్తుందా అనుకుంటాడు.

ఆ రోజు వచ్చింది. అయితే అదృష్టంతో కాదు, నోటి తొందరతో.

బేతమంగళలో చుట్టాల పెళ్లి. భోజనాల దగ్గర అంబరీష్ పక్కన మామ సీనప్ప కూర్చున్నాడు. సీనప్ప అంబరీష్‌కు మేనమామ, కూతురు ధన్యను ఇచ్చినవాడు కూడా. బేతమంగళ చెరువు పక్కన టొమాటో తోట ఉంది. కోతలప్పుడు బండ్లు దొరకడం లేదని ఆయన అన్నం కలుపుతూ అందరికీ చెప్పుకుంటున్నాడు.

"ఫోన్ చేస్తే ఇదో వస్తాండామంటారు. వచ్చేసరికి పండు మెత్తబడిపోతాది. ఆ బండ్లోళ్ల కాళ్లు పట్టుకోవాల్సి వస్తాదప్పా."

అంబరీష్ నోట్లో ముద్ద ఉండగానే అన్నాడు: "తాత పికప్పు ఉండాది కదా మామా. నేను బాగు చేస్తా. ఈ తూరి నీ పండ్లు కోలారు మండీకి నేనే తోలుకుపోతా."

"ఆ బండా? దాంట్లో కోళ్లు కాపురం చేస్తాండాయి కదరా!"

పంక్తి పంక్తంతా నవ్వింది. అంబరీష్ చెవులు వేడెక్కాయి. "నవ్వండి, నవ్వండి. మొదటి కోతకి నీ తోట ముందర ఆ బండి నిలబెట్టకపోతే నా పేరు అంబరీషే కాదు."

"పేరు ఎందుకు మార్చుకుంటావులే అల్లుడా," అన్నాడు సీనప్ప, నవ్వు ఆపి. "మొదటి కోత నాటికి బండి వస్తే, ఈ సీజనంతా తోలే పని నీదే. రాలేదో, ఇంగ బండి మాట ఎత్తకుండా రైలెక్కు. నా బిడ్డకి లేనిపోని ఆశలు పెట్టొద్దు."

ఆడవాళ్ల పంక్తిలో ధన్య తలెత్తలేదు. మొగుడి మాటకు నవ్వినా, నాన్న మాటకు నవ్వినా తప్పే అవుతుంది. సాంబారన్నం కలుపుతూనే ఉండిపోయింది.

ఆ వారమే అంబరీష్ గోడౌన్ పని మానేశాడు. భార్యకు చెప్పలేదు. పొద్దున్నే ఆమె క్యారియరు కట్టి గూట్లో పెట్టి, "రైలుకి టైమాయె బావా," అంటే, "ఇంగ క్యారియరు వద్దులే," అన్నాడు. ధన్య జాకెట్లు కుట్టే మిషను ముందు కూర్చుని, ఎవరి జాకెట్టో ఊడదీసి మళ్లీ కుట్టింది.

బండి తాత, అంటే నాన్న తండ్రి మునివెంకటప్పది. అంబరీష్‌ను చిన్నప్పటి నుంచి పెంచింది ఆయనే. గని మూసేసినప్పుడు వచ్చిన డబ్బుతో బంగారుపేటలో ఎవరి దగ్గరో కొన్నాడు. అప్పటికే అది పాతది. జీపు ముఖం, గుండ్రటి రెండు దీపాలు, వెనకాల చెక్క తొట్టి. గని కార్మికుల లైనిళ్లు ఖాళీ చేసి పోయేవాళ్ల మంచాలు, బీరువాలు మోసింది. పేలుళ్ల చప్పుడుతో గనిలోనే సగం పోయిన తాత చెవులు తరువాత దాదాపు పూర్తిగా పోయాయి. వెనక లారీ హారను వినపడక ఒకసారి త్రుటిలో తప్పించుకున్నాక, ఆయనే బండిని ఇంటి పక్క రేకుల కింద నిలబెట్టి తాళంచెవి దేవుడి పటం వెనక పెట్టేశాడు.

విప్పడం అంబరీష్‌కు పండగలా అనిపించింది. విప్పే పనికి ఓపిక అక్కరలేదు. రేడియేటరు ఊడింది, తలుపులు ఊడాయి, సీటు ఊడింది, సీటు కింద కోడిగుడ్లు దొరికాయి. ఇంజను పైమూత తీసినప్పుడైతే గుండె డాక్టరు తనే అన్నట్టు వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. ప్రతి ముక్కనూ ఫోనులో ఫొటో తీయాలని మొదటి రోజు అనుకున్నాడు. రెండో రోజు, ఇంత చిన్న సంగతి గుర్తుండదా అనుకున్నాడు. అన్నీ విప్పేశాక చూస్తే, రేకుల కింద చోటు చాలలేదు. నట్లు ఇడ్లీ పళ్లాల్లోకి, స్ప్రింగులు తాత పాత గని టోపీలోకి, పళ్లాల్లో పట్టని నట్లు, పేరు తెలియనివన్నీ బియ్యం సంచిలోకి చేరాయి. ఆ సంచి రోజురోజుకూ పెద్దదైంది.

గాలి తిరిగిన రోజుల్లో సైనైడ్ దిబ్బల మీది తెల్లటి దుమ్ము లేచి ఊరంతా పడుతుంది. గనుల నుంచి తీసి పోసిన ఆ మట్టి కొండలు అక్కడే పుట్టినవాళ్లకు కొత్త కాదు. కానీ గ్రీజు పూసి ఆరబెట్టిన ముక్కల మీద ఆ దుమ్ము పిండి చల్లినట్టు పడినప్పుడు అంబరీష్ కూలబడిపోయాడు. తుడవాలి. తుడిచి మళ్లీ పూయాలి. ముందు ఏది తుడవాలి? ఒక ముక్క చేతిలోకి తీసుకుంటాడు. ఇది యాడిదో తెలియక కింద పెడతాడు. ఇంకొకటి తీస్తాడు. లేస్తాడు, వీధి చివరిదాకా పోతాడు, వస్తాడు. ఫోనులో వీడియో పెడతాడు. అందులో ఎవరో దొర తెల్లటి చొక్కా వేసుకుని బోల్టు తిప్పుతాడు, అది చెప్పిన మాట విన్నట్టు ఊడి వస్తుంది. ఇక్కడ బోల్టు తల విరిగి చేతికొస్తుంది, ఒళ్లు లోపలే ఉండిపోతుంది.

రాబర్ట్‌సన్‌పేటలో షెడ్డు పెట్టుకున్న మెకానిక్ సెల్వంను బతిమాలి పిలుచుకొచ్చాడు. సెల్వం రేకుల కింద నిలబడి చుట్టూ చూశాడు. ఇడ్లీ పళ్లాలు చూశాడు. సంచి చూశాడు.

"బండి యాడప్పా?" అన్నాడు.

"ఇదేన్నా."

సెల్వం అరవంలో ఏదో గొణిగి, తరువాత తెలుగులో అన్నాడు: "సరి. దీన్ని బండి చేసినాక నన్ను పిలువు."

అయినా మంచివాడు. షెడ్డు మూశాక వచ్చి, ఇది దేనిదో అది దేనిదో చెప్పి, ఇంజను కూర్చేవరకూ తోడున్నాడు. కార్బురేటరు కడిగారు, ప్లగ్గులు మార్చారు, రబ్బరు గొట్టాలన్నీ కొత్తవి వేశారు. ఒక సాయంత్రం బండి దగ్గింది, మళ్లీ దగ్గింది, నల్లటి పొగ కక్కి పట్టుకుంది. వీధిలో జనం చేరారు. ఎవరో ఈల వేశారు. తాతకు చప్పుడు వినపడలేదు కానీ బానెట్టు మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు.

సంచిలో ఇంకా కొన్ని నట్లు మిగిలే ఉన్నాయి. వాటిని అంబరీష్ ఎవరికీ చూపించలేదు.

మర్నాడు పొద్దున్నే ఆత్రం ఆగక సెల్వం రాకముందే సీట్లో కూర్చున్నాడు. గేరు వేశాడు. బండి ముందుకు కదిలింది. రేకుల బయటికి వచ్చింది. ఇక చాలనుకుని బ్రేకు తొక్కాడు. పెడలు కింది రేకు దాకా పోయింది. మళ్లీ తొక్కాడు. నీళ్లలో కాలు పెట్టినట్టుంది. బండి నిదానంగా, మర్యాదగా పోయి, ధన్య వారానికోసారి వచ్చే నీళ్లు పట్టి పెట్టుకున్న నీలం డ్రమ్మును గోడకు అదిమింది. డ్రమ్ము పగిలి నీళ్లన్నీ కాలువలోకి పోయాయి.

ధన్య మిషను దగ్గర నుంచి లేచి వచ్చి చూసింది.

"బండి బాగానే పోతాండాది బావా," అంది. "నిలబడడమే తెలీదు దానికి. నీ మాదిరే."

ఆ మాట అంబరీష్‌కు బోల్టు విరిగినప్పటికంటే గట్టిగా తగిలింది.

బ్రేకు సంగతి చూడడానికి సెల్వం ఒకసారి వచ్చాడు. చక్రాల లోపలి రబ్బర్లు, పెడలు కింద నూనె తోసే మాస్టర్ సిలిండరు, ఇనుప గొట్టాలు అన్నీ కొత్తవి వేయించాడు. ఆ తరువాత అతని షెడ్డులో పని ముంచుకొచ్చింది. మిగిలింది ఫోనులోనే చెప్పాడు.

"లోపల నూనె ఉండాలి, గాలి ఉండకూడదు. గాలుంటే పెడలు మెత్తగానే ఉంటాది. ఆ గాలి తియ్యాలి. ఒకరు పైన పెడలు తొక్కల్ల. ఒకరు కింద పండుకుని చక్రం వెనక ఉండే చిన్న నిప్పల్ వదులు చెయ్యల్ల. తొక్కినప్పుడు తెరువు, బుడగలు వస్తాయి. మూసినాకనే పెడలు వదలమను. తెరిచి ఉండగా వదిలితే బయట గాలి మళ్ల లోపలికి పోతాది. అంతే, సులువు."

సులువు అనే మాట ఈ బండి విషయంలో అంబరీష్ చాలాసార్లు విన్నాడు.

పైన తొక్కేదెవరు? ధన్యకు పెళ్లి జాకెట్ల పని మీద పడింది. తాత సైగలతోనే సంగతి గ్రహించి, ఎవరూ పిలవకముందే సీటెక్కి కూర్చున్నాడు. అది ఆయన సీటు. స్టీరింగు మీద చేతులు వేసి, ముందున్న గోడను రోడ్డును చూసినట్టు చూశాడు. దిగమని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

కింద నుంచి అరిస్తే తాతకు వినపడదు. అందుకని అంబరీష్ ఒక ఉపాయం చేశాడు. స్పానరుతో బండి అడుగున ఉండే ఛాసీ ఇనుము మీద కొడితే, ఆ దెబ్బ ఇనుములోంచి తాత పాదాలకు తెలుస్తుంది. ఆయన ముఖానికి ఎదురుగా నిలబడి ఒక వేలు చూపి తొక్కినట్టు, రెండు వేళ్లు చూపి వదిలినట్టు కాలు ఆడించి చూపించాడు. ఒకటి కొడితే తొక్కు, రెండు కొడితే వదులు.

"సరే, సరే," అన్నాడు తాత, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

అక్కడి నుంచి మొదలైంది అసలు కష్టం. అంబరీష్ బండి కింద పడుకుంటాడు. ఒకటి కొట్టి నిప్పల్ తెరుస్తాడు. ఏమీ రాదు. మూస్తాడు. రెండు కొడతాడు. మళ్లీ ఒకటి కొట్టి తెరిస్తే ఈసారి నూనె ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంకోసారి గొట్టంలోని నూనె వెనక్కి లోపలికే పోతుంది. ఒకసారికి ఇంకోసారికి పొంతన లేదు. పైకి వచ్చి పెడలు తొక్కి చూస్తే అదే మెత్తదనం.

కొత్తగా వేసిన రబ్బరే చెడ్డదేమో అనుకున్నాడు. మాస్టర్ సిలిండరు విప్పాడు. బాగానే ఉంది. మళ్లీ బిగించాడు. గొట్టానికి ఎక్కడో చిల్లుందేమో అని ముక్కు పెట్టి వాసన చూసుకుంటూ బండి పొడుగునా పాకాడు. చక్రాలు విప్పాడు. సంచిలో మిగిలిపోయిన ఆ నట్లలో ఏదో ఒకటి బ్రేకుది కావచ్చన్న అనుమానం పురుగులా తొలిచింది. ఒక్కొక్కటీ తెచ్చి, పట్టని చోటల్లా పెట్టి చూశాడు. అన్నం ముందు కూర్చుని సగంలో లేచిపోయి స్పానరు పట్టుకునేవాడు. స్పానరు పట్టుకున్నాక ఏం చేయాలో తోచేది కాదు. బండి చుట్టూ తిరిగేవాడు. తిరిగి తిరిగి రేకుల కింద నేల బాటలా అరిగింది.

తాత మాత్రం రోజూ పొద్దున్నే తల దువ్వుకుని వచ్చి సీట్లో కూర్చునేవాడు.

అప్పుడే సీనప్ప ఫోన్ చేశాడు. "అల్లుడా, ఎల్లుండి మొదటి కోత. బండి యాడికొచ్చింది?"

"వస్తాండాది మామా."

"నడుస్తా వస్తాండాదా, మోసుకుని వస్తాండారా?"

అంబరీష్ ఫోను పెట్టేసి, బండి కిందికి దూరి, ఎండ చల్లబడేదాకా బయటికి రాలేదు. ఏమీ కాలేదు.

కోతకు ముందురోజు మధ్యాహ్నం అతను స్పానరు కింద పడేశాడు. చక్రం దగ్గర చతికిలబడి, నూనె చేతులతోనే ఫోను తీసి గోడౌన్ సూపర్‌వైజరుకు మెసేజ్ పెట్టాడు. రేపటి నుంచి వస్తే తీసుకుంటారా అని. పంపాక ఫోనును తొట్టి అంచు మీద బోర్లా పెట్టాడు. ఆ పైన ఏదో ఒకటి చేస్తూ ఉండకపోతే ఊపిరాడదన్నట్టు మళ్లీ కింద పడుకుని కొట్టడం మొదలుపెట్టాడు. టక్. టక్ టక్. టక్.

లోపల ధన్య మిషను తొక్కుతోంది. ఆ దెబ్బలు ఆమె కూడా రోజులుగా వింటోంది. కుట్టేవాళ్లకు కాలి మీద ఒక కన్ను ఉంటుంది. దారం తెగితే మిషను ఆపి బయటికి వచ్చి నిలబడింది. అంబరీష్ కాళ్లు మాత్రమే బండి కింద నుంచి కనపడుతున్నాయి. తలుపు ఊడిన సందులోంచి తాత పాదం కనపడుతోంది.

టక్. తాత పాదం పెడలు మీద కదలకుండా ఆగింది.

టక్ టక్. పాదం నిదానంగా కిందికి దిగింది.

ధన్య దగ్గరికి వచ్చింది. "బావా, ఇంకోసారి కొట్టు."

"కొట్టి ఏం లాభం? పో లోపలికి."

"కొట్టమంటే కొట్టు. ఒకటి."

టక్.

"ఇప్పుడు తాత యాడ తొక్కినాడు? ఊరికే పెట్టుకోని ఉండాడు. ఇప్పుడు రెండు కొట్టు... చూడు, ఇప్పుడు తొక్కుతాండాడు. నువ్వు తొక్కమంటే ఆపుతాండాడు, వదలమంటే తొక్కుతాండాడు. నువ్వు కింద తెరిచి మూసి ఏం లాభం?"

అంబరీష్ తల బండికి తగిలించుకుని బయటికి వచ్చాడు. తాత ముందు నిలబడి, ఒక వేలు చూపి గాలిలో కాలుతో తొక్కి, చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "ఒకటి కొడ్తే తొక్కమని చెప్పినా కదా తాతా!"

"చెప్తివి," అన్నాడు తాత. "నేనూ సరే అంటిని. కాలు ఒప్పుకోలేదు."

"అదెట్ల?" అని చెయ్యి తిప్పాడు అంబరీష్.

తాత స్టీరింగు మీద నుంచి చేతులు తీశాడు. ఆయన ఉద్యోగమంతా గని లోపల, కేజ్ దగ్గర. కేజ్ అంటే మనుషులను భూమిలోకి దించి మళ్లీ పైకి తెచ్చే ఇనుప గూడు. దాన్ని నడిపే ఇంజను పైన ఎక్కడో ఉంటుంది, ఇంజనోడికి కింద ఏముందో కనపడదు. గంట కొట్టి చెప్పాలి. ఆ గంట కొట్టేవాడు మునివెంకటప్ప.

"ఒక గంటకి నిలపల్ల," అన్నాడు. "రెండు గంటలకి దించల్ల. మూడైతే ఎత్తల్ల. కేజ్‌లో మనుషులుంటారప్పా. ఒకటి కొట్టినా ఇంజనోడు నిలపకపోతే ఏమైతాది? నువ్వు ఒకటి కొడ్తానే నా కాలు బిగుసుకుంటాది. మూడు నువ్వు కొట్టనే లేదు, కాలు నొప్పెట్టినప్పుడు నేనే ఎత్తుకుంటాండా. నేనేం చేసేది? నువ్వేమో కింద పండుకుని ఉండావు. నీకేమన్నా అయినాదేమోనని భయం."

అంబరీష్ రబ్బరును అనుమానించాడు, గొట్టాన్ని అనుమానించాడు, మిగిలిన నట్లను, చివరికి తన పుట్టుకను అనుమానించాడు. తాత కాలును అనుమానించాలని తోచలేదు.

ధన్యకు నవ్వు ఆగలేదు. "బస్సులో కండక్టరు ఒక విజిలు వేస్తే ఆగుతాది, రెండేస్తే పోతాది. నువ్వు తిరగని బస్సు లేదు. ఆ మాత్రం తెలీలేదా బావా?"

"నీకు తెలిసింది కదా, ముందే చెప్పల్ల."

"నువ్వు ఎవురినన్నా అడిగితే కదా."

అప్పుడు తాత అన్నాడు: "రేయ్ అంబీ, ఇన్నేండ్లు నేను కొట్టినాను, ఇంజనోడు నడిపినాడు. ఇప్పుడు నువ్వు కొట్టు. నేనే ఇంజనోణ్ణి." ఆ మాట అని గట్టిగా నవ్వాడు. చెవిటివాళ్ల నవ్వు పెద్దగా ఉంటుంది. పక్కింటివాళ్లు తొంగి చూశారు.

అంబరీష్ మళ్లీ కింద పడుకున్నాడు. టక్ టక్. పైన పెడలు దిగింది. టక్. ఆగింది, తాత కాలు అదిమిపట్టి ఉంచింది. నిప్పల్ వదులు చేశాడు. సీసాలోకి పెట్టిన గొట్టంలో సోడా పొంగినట్టు బుడగలు బుసబుసా వచ్చాయి. మూశాడు. టక్ టక్ టక్. పెడలు పైకి లేచింది. మళ్లీ దించు, ఆపు, తెరువు, మూయి, ఎత్తు. బుడగలు పలచబడ్డాయి. ఒక్కొక్కటి వచ్చాయి. తరువాత తేట నూనె మాత్రమే వచ్చింది. మాట లేకుండా ఇద్దరూ ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి పోయారు. ఇన్నాళ్లుగా ఒక్కచోట నిలవని అంబరీష్ చేతులు ఆ సాయంత్రం చెప్పిన పని చేశాయి.

చివరి చక్రం దగ్గర వెలుతురు చాలలేదు, తొందరపడ్డాడు. పైకి వచ్చి తనే పెడలు తొక్కాడు. సగంలోనే గట్టిగా నిలబడింది. ఇటుక మీద కాలు పెట్టినట్టుంది. మళ్లీ తొక్కాడు, ఇంకోసారి తొక్కాడు, నమ్మకం లేక దిగి వచ్చి చేత్తో నొక్కి చూశాడు.

తొట్టి అంచు మీద ఫోను మోగి ఆగింది. ధన్య తీసి చూసింది. "రేపు పొద్దున్నే రావాలంట, గోడౌనుకి." ఆమె ముఖంలో నవ్వు పోయింది. "ఎప్పుడు అడిగినావు?"

"మధ్యాహ్నం."

"ఏం చెప్పేది ఇప్పుడు?"

అంబరీష్ కిరసనాయిలుతో చేతులు తోముకుంటున్నాడు. "రేపు టొమాటో ఉండాదని చెప్పు," అన్నాడు.

పొద్దున్నే ముగ్గురూ ముందు సీట్లో ఇరుక్కుని బయలుదేరారు. నువ్వు వద్దులే తాతా అంటే ఆయనకు వినపడలేదు. వినపడనట్టు ఉండడం ఆయనకు బాగా వచ్చు. ఊరు దాటేదాకా అంబరీష్ నిమిషానికోసారి బ్రేకు తొక్కి చూశాడు. తొక్కిన ప్రతిసారీ ముగ్గురూ ముందుకు వంగి వెనక్కి వచ్చారు.

"గుళ్లో మొక్కినట్టు ఉండాది," అంది ధన్య.

సీనప్ప తోట ముందు ఇంకో బండి అప్పటికే నిలబడి ఉంది. కూలివాళ్లు దాంట్లోకి టొమాటో బాక్సులు ఎక్కిస్తున్నారు. అంబరీష్ బండి చెరువు కట్ట మీదే ఆపి దిగాడు.

"వస్తాననే నమ్మకం లేకనే కదా మామా, ఆ బండి?"

"నమ్మకం నా పండ్లకి లేదు. అవి ఎండలో ఉండలేవు," అన్నాడు సీనప్ప. పికప్పును చూశాడు. రంగు పోయిన ముఖం, కొత్త తాడు కట్టిన తలుపు. "మొదటి కోతకి నిలబెడ్తానంటివి, నిలబెట్టినావు. అది సరే. పోయేదాన్ని నిలపడం వస్తాదా?" కట్ట మీద నుంచి తోటలోకి దిగే వాలు దారి చూపించాడు. తను పోయి ఆ వాలు కింద, దారికి అడ్డంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "దించు. నా ముందర నిలుపు."

ధన్య సీట్లోంచే అరిచింది. "నాన్నా, పక్కకి రా!"

"ఏమే, నీ మొగుడి మీద నీకే నమ్మకం లేదా?"

ధన్య తల లోపలికి తీసుకుంది. సీటు అంచును మాత్రం వదల్లేదు.

అంబరీష్ మళ్లీ సీటెక్కి గేరు వేశాడు. బండి వాలులోకి దిగింది, బరువు పట్టుకుంది. సీనప్ప ముఖం పెద్దదవుతోంది. పారిపోవాలన్నంత కోరిక కాళ్లలో పుట్టింది. తొక్కాడు. బండి ముక్కు ఎడమకు తిరిగింది, మట్టి చిమ్మింది, ఆగింది. దుమ్ము సద్దుమణిగాక చూస్తే, మామకూ బండికీ మధ్య ఇంకో రెండు బండ్లు పట్టేంత చోటు ఉంది.

"యాడ నిలిపినావురా?" అరిచాడు సీనప్ప. "నేను ఈడ ఉంటే?"

కూలివాళ్లు నవ్వారు. అంబరీష్ నెమ్మదిగా ముందుకు తెచ్చి, ఈసారి ఆయన పంచె అంచు దగ్గర ఆపాడు. సీనప్ప బానెట్టు మీద ఒక చెయ్యి వేశాడు. కూలివాళ్ల వైపు తిరిగి, "మిగిలిన బాక్సులన్నీ దీంట్లో వేయండి," అని మాత్రం అన్నాడు.

బరువుతో బండి వేరే బండి అయింది. సీనప్ప వెనక తొట్టిలో బాక్సుల మీద కూర్చున్నాడు. బ్రేకు పట్టకపోతే దూకేస్తానని ముందే చెప్పాడు. కోలారు రోడ్డులో బ్రేకు పడిన ప్రతిసారీ బండి ఎడమకు లాగింది, వెనక నుంచి తిట్లు వినపడ్డాయి. స్టీరింగు కుడికి పట్టి పట్టి అంబరీష్ భుజం నొప్పెట్టింది. కానీ ఆగింది. గేదెలకు ఆగింది, స్కూలు పిల్లలకు ఆగింది, ఎందుకో తెలియకుండా దూకిన కుక్కకు ఆగింది.

మండీ బయట బండ్ల వరస రోడ్డు దాకా ఉంది. అంబరీష్ సీట్లో కూర్చోలేక దిగాడు. ముందు ఎడమ చక్రం మీద చెయ్యి పెట్టాడు, చుర్రుమంది. కుడిదాని మీద పెట్టాడు, నులివెచ్చగా ఉంది. నిన్న తొందరపడినది ఈ చక్రం దగ్గరే.

సీనప్ప తొట్టిలోంచి వంగి చూశాడు. "ఎడమకి లాగుతాండాది."

"కుడిదాంట్లో ఇంకా గాలి ఉండాది మామా."

"నీ తలలో ఉండేదానికంటే తక్కువే కదా?" అన్నాడు సీనప్ప. ఒక మెత్తబడిన పండు ఏరి రోడ్డు పక్కకు విసిరాడు. "మళ్ల కోత శుక్రవారం. అప్పటికి దాని సంగతి చూసుకోని రా."

అంబరీష్ తలూపాడు. అప్పటికే చక్రం పక్కన మోకాళ్ల మీద వంగి, వెనక నిప్పల్ ఎక్కడుందో వేళ్లతో వెతుకుతున్నాడు. వెనక లారీవాడు హారను కొట్టాడు, మళ్లీ కొట్టాడు.

"బావా," పిలిచింది ధన్య, "ముందర బండి కదిలింది. రా."